చెట్ల లెక్క సరిపోయింది

నెల్లూరు,
జులై 7, 2024.

పుష్పక్కకు,

నీ తమ్ముడు గిద్యోను వందనాలు. ఇక్కడ అందరం క్షేమం.

ఫోను చేస్తే నువ్వు "ఎవరూ, ఎవరూ" అనడం, నేను వీధంతా తిరిగి చూసేలా అరవడం, చివరికి పక్కింటి డెబోరా ఫోను తీసుకుని "మీ అక్క బాగానే ఉండాదన్నా" అని పెట్టేయడం, ఇదంతా నాకు విసుగొచ్చింది. చెవికి మెషీను పెట్టుకోమంటే పెట్టుకోవు. కాబట్టి ఇకనుంచి ఉత్తరాలే. మిషన్ స్కూల్లో అన్నేళ్లు పిల్లల నోటుపుస్తకాలు దిద్దిన చెయ్యి నీది. నా ఉత్తరాలు కూడా దిద్దుకో.

అసలు సంగతి చెప్తాను. మా ప్లానింగ్ ఆఫీసులో ఏడాదిగా నేను నెత్తిన మోస్తున్న పని తీరింది. ఇకపై మా పరిధిలో కొత్తగా లేఅవుట్ వేసినా, అపార్టుమెంటు లేపినా, పర్యావరణ నిబంధనలు పాటిస్తేనే అనుమతి. ప్రతి ఇంటికీ ఇంకుడు గుంత. వీధి దీపాలకు సోలారు. రోడ్డు పక్కన సిమెంటు పరవకుండా నీళ్లు దిగే మట్టి. అన్నిటికన్నా ముఖ్యం, మొత్తం స్థలంలో పదోవంతు ఖాళీగా వదిలి చెట్లు పెంచాలి. ఆ ఏడు కార్తీకం వానకి చెరువు పూడ్చి వేసిన కాలనీలో పడవ మీద పాలపాకెట్లు పంచింది నీకు గుర్తుంది కదా. అప్పుడే అనుకున్నాను, నా చేతికి కలం దొరికితే ఊరుకోనని.

నేను పట్టుబట్టి పెట్టించిన నిబంధన ఒకటుంది. ఒకసారి పచ్చదనానికి వదిలిన స్థలాన్ని ఆ తర్వాత ఎవరూ, ఏ కారణం చెప్పీ, ఇంకో పనికి వాడకూడదు. గుడికి కాదు, చర్చికి కాదు, పంచాయతీ ఆఫీసుకీ కాదు. మినహాయింపు ఇచ్చే అధికారం ఎవరికీ లేదు. ఒక చెట్టు పోతే బదులు ఇంకో చెట్టు నాటి లెక్క సరిచేయాలి. మనవాళ్ల సంగతి తెలుసు కదా, కూర్చోను చోటిస్తే పడుకోను చాప అడిగే రకం. అందుకని సందు లేకుండా ప్రతి మాటా నేనే చెక్కాను. మీటింగులో పెద్దాయన చదివి, "గిద్యోనుగారూ, దీన్ని దాటడం దేవుడి తరం కూడా కాదండీ" అన్నాడు. చిన్నపిల్లాడిలా సంతోషపడ్డానక్కా. బావ ఉంటే భుజం మీద ఒక్కటి చరిచేవాడు.

ఒంట్లో ఎలా ఉంది? దాచకుండా రాయి.

నీ తమ్ముడు,
గిద్యోను


మొగిలిపాళెం,
జులై 29, 2024.

ఒరే గిద్యోనూ,

నీకు నా దీవెనలు. ఉత్తరంలో మూడు తప్పులున్నాయి. ఇంట్లో ఎర్రసిరా లేదు కాబట్టి బతికిపోయావు.

నీ రూలు రెండుసార్లు చదివాను. ఆదివారం ఆరాధన తర్వాత మా సంఘంలో అందరికీ చదివి వినిపించాను కూడా. ఇంకుడు గుంత సంగతి విని మగ్దలీనమ్మ "మీ తమ్ముడు పెద్ద ఆఫీసరా అమ్మా?" అని అడిగింది. "వానను ఆపి నిలబెట్టే ఆఫీసరు" అన్నాను. నాకు గర్వంగానే ఉందిరా. చిన్నప్పుడు నీళ్లబిందె మోయమంటే ఏడ్చి దొర్లినవాడివి.

ఇక్కడి కబుర్లకేం, బోలెడు. రమణయ్య తన పొలం అమ్మేశాడు. రొయ్యల గుంటలు వచ్చాక ఆ నేలకి ఉప్పెక్కి వరి పండటం మానేసింది, పాపం అతను మాత్రం ఏం చేస్తాడు? గూడూరు నుంచి పద్మనాభయ్య అనే ఆయన కొని లేఅవుట్ వేస్తున్నాడు. ఆ పొలం మన సమాధుల స్థలానికి ఆనుకునే కదా. ఆయన మంచి మర్యాదస్తుడు. మన సమాధుల మీద పందులు పడి తవ్విపోస్తుంటే, చూసి అయ్యో అన్నాడట. ముళ్లకంపంతా తన ఖర్చుతో కొట్టించాడు. నేల చదును చేయించాడు. ఇప్పుడు ప్రహరీ గోడ కూడా కట్టిస్తానంటున్నాడు.

సంఘ పెద్ద అబ్రహాము సంతోషం పట్టలేకపోతున్నాడు. నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. "అమ్మా, మనం చందాలెత్తి గోడ గట్టాలంటే మన తరం గాదు. ఆయనే గడతానంటుండాడు. లేఅవుటుతో కలిపి గోడ దిప్పాలంటే మన సంతకం గావాలంట, అంతే!" కాగితం చూపించరా అన్నాను. రేపు తెస్తానమ్మా అన్నాడు. రేపు రాలేదు గానీ గోడకు పునాది మాత్రం తీశారు.

మీ బావ దగ్గరికి వారం వారం పోయి వస్తున్నాను. ఆయన పక్కన నా చోటు అలాగే ఉంది. కంప పోయి, పందులు పోయి, ఆ చోటు చూస్తుంటే కొత్తగా అలికిన ఇల్లులా ఉంది. నవ్వకు. పిల్లలు లేనిదానికి ఆ నాలుగడుగులే ఆస్తి.

ఒంటికేం లేదు. నడిస్తే కాస్త ఆయాసం. డెబ్బై దాటిన ముసలిదానికి ఆయాసం కాకపోతే ఉల్లాసం వస్తుందా?

మీ అక్క,
పుష్పకుమారి


నెల్లూరు,
సెప్టెంబరు 15, 2024.

పుష్పక్కకు,

వందనాలు. మీ ఊరి లేఅవుట్ ఫైలు కూడా చివరికి మా దగ్గరికే వస్తుంది. వచ్చాక ఆ పద్మనాభయ్యను ఇంకుడు గుంతల దగ్గర నేను పిండేస్తాను, నువ్వేమీ సిఫారసు చేయకు.

ఈ మధ్య ఆఫీసులో నా నోరు మూతపడటం లేదు. కొత్త నిబంధనల కింద మొట్టమొదటి అనుమతి పోయిన వారమే ఇచ్చాను. అదీ మీ చిల్లకూరు మండలంలోనే, సముద్రం వైపు ఏదో గ్రామం. కంపెనీ పేరుతో వచ్చిన ఫైలు. అందరూ పదోవంతు వదలమంటే ఏడుస్తూ మూలకి ఒక బీడు ముక్క చూపించి, నాలుగు మొక్కలు నాటి ఫొటో పంపుతారు. వీళ్లు అలా కాదు. ఎదిగిన చెట్లున్న తోపును ఒక్క చెట్టు కూడా కొట్టకుండా అలాగే ఉంచి, పంచాయతీకి పార్కుగా రాసిచ్చేశారు. వందకు పైగా చెట్లు! మా అసిస్టెంటు పోయి ఫొటోలు తెచ్చాడు. చూస్తూ కూర్చుండిపోయాను.

ఆ తోపులో చెట్లు కూడా విచిత్రమక్కా. మామూలుగా తోపంటే ఒకటే జాతి ఉంటుంది కదా. ఇక్కడ వేప పక్కన సపోటా, సపోటా పక్కన పొగడ, దాని పక్కన మునగ, ఒక మూల రెండు బాదం చెట్లు ఒకదాన్నొకటి ఆనుకుని, మధ్యలో నిండుగా ఒక నేరేడు. ఏ రెండూ ఒక తీరుగా లేవు. ఎవరో ఒక్కొక్కటీ ఏరికోరి తెచ్చి నాటినట్టుంది. ఎవరు నాటారని అడిగిస్తే "ఊళ్లో పెద్దోళ్లు నాటినవి సార్" అన్నారట. ఎంత మంచి ఊరో అనుకున్నాను.

పనుల ఒత్తిడిలో నేను స్వయంగా వెళ్లలేకపోయాను. దీన్ని మా పరిధి అంతటికీ మాదిరి లేఅవుట్‌గా చూపిస్తామని పైవాళ్లు అంటున్నారు. నా నిబంధనకు ఇంతకన్నా ఏం కావాలి?

ఆయాసానికి గూడూరులో చూపించుకో. తేలిగ్గా తీసుకోకు.

నీ తమ్ముడు,
గిద్యోను


మొగిలిపాళెం,
అక్టోబరు 6, 2024.

గిద్యోనూ,

నీ ఉత్తరం అందింది.

నువ్వు చూసింది తోపు కాదు. మన సమాధుల స్థలం. మొగిలిపాళెం అన్న పేరు సర్కారు కాగితాల్లో ఉండదు, పక్క ఊరి పేరుతోనే చలామణీ. మా రేషను కార్డులో కూడా అంతే. అందుకే నీకు తెలియలేదు.

మీ బావను మట్టి చేసిన రోజు నువ్వు వచ్చావు గానీ, అప్పుడక్కడంతా ముళ్లకంప, ఆ తర్వాత జరిగేది కూడా నువ్వు చూడలేదు. మా సంఘంలో సమాధికి రాయి వేయరు. చచ్చాక కూడా గొప్పాబీదా తేడా ఎందుకని మొదట వచ్చిన పాస్టరుగారు పెట్టిన కట్టడి. ఒక వానాకాలం పోనిచ్చి, మట్టి దిగాక, పోయిన మనిషికి ఇష్టమైన చెట్టు తలవైపు నాటతాం. అదే గుర్తు, అదే పేరు.

నువ్వు ఏరికోరి నాటినట్టుందన్నావే, నిజమే, ఏరికోరే నాటాం. ఆ సపోటా అబ్రహాము తండ్రి. పొగడ అబ్రహాము తల్లి, ఆవిడకు పూలంటే ప్రాణం. మునగచెట్టు మా స్కూలు వంటమనిషి ఆనందకుమారి. ఒకదాన్నొకటి ఆనుకున్న బాదం చెట్లు మగ్దలీనమ్మ కొడుకులు, ఒకే పడవలో పోయారు. మధ్యలో నిండుగా ఉన్న నేరేడు మీ బావ. గూడూరు డిపోలో బస్సు నడిపినన్నాళ్లూ సీజనులో పొట్లం కట్టుకొచ్చి, తిని, నల్లటి నాలుక బయటపెట్టి పిల్లల్ని బెదిరించేవాడు. అందుకని నేరేడు. నువ్వు ఆఫీసులో కూర్చుని మా చచ్చినవాళ్లని చెట్లుగా లెక్కపెట్టి లేఅవుటుకు అనుమతి ఇచ్చావు.

అబ్రహామును పిలిపించాను. కాగితం నకలు తెచ్చాడు. ఈసారి నేను చదివాను. మొదటి పేజీ అంతా గోడ గురించే. రెండో పేజీలో, మా అనుభవంలో ఉన్న ఖాళీ స్థలాన్ని లేఅవుట్ పచ్చదనం కింద కలిపి పంచాయతీకి అప్పగించడానికి మా సంఘం ఇష్టపూర్వకంగా ఒప్పుకుందని ఉంది. అబ్రహాముకు చదివి చెప్పాను. "రెండో పేజీ నాకు జూపలేదమ్మా. గోడ అన్నారు, నేను గోడే అనుకున్నాను" అన్నాడు. వాడి మీద నాకు కోపం లేదు. పందుల నుంచి తల్లిని కాపాడుకోవాలనుకున్నాడు.

కోపం నీ మీద. నీకు ఎవరి పేరు పెట్టామో ఆ బైబిలు గిద్యోను, దేవుడే స్వయంగా మాటిచ్చినా నమ్మక, ఆరుబయట ఉన్ని పరిచి, మంచు పడిందో లేదో రెండుసార్లు పరీక్ష చేసుకున్నాడు. సండేస్కూల్లో ఆ కథ నీకు చెప్పింది నేనే. నువ్వు ఒక ఫొటో చూసి నమ్మేశావు.

సరే, అయిందేదో అయింది. నువ్వే ఇచ్చావు కాబట్టి నువ్వే సరిచేస్తావు. వెంటనే రాయి.

పుష్పకుమారి


నెల్లూరు,
డిసెంబరు 8, 2024.

పుష్పక్కకు,

వందనాలు. జవాబు ఆలస్యమైనందుకు క్షమించు. తుఫాను పనులు, మీటింగులు.

నువ్వు రాసిన విషయం పరిశీలించాను. ప్రస్తుత పరిస్థితి ఇది. సదరు స్థలం మీ సంఘం సమ్మతితో పంచాయతీకి రిజిస్టరు అయింది. ప్లాట్లు చాలావరకు అమ్ముడయ్యాయి. ఇప్పటికే ఉన్న సమాధులను ఎవరూ తవ్వరు, ఆ విషయంలో మీరు నిశ్చింతగా ఉండవచ్చు. అయితే పచ్చదనానికి కేటాయించిన స్థలం కాబట్టి ఇకపై అక్కడ కొత్తగా ఖననం చేయడానికి నిబంధనలు అనుమతించవు. ప్రత్యామ్నాయ స్థలం కోసం మీ సంఘం తహసీల్దారుకు అర్జీ పెట్టుకోవచ్చు. నేను కూడా నా వంతు ప్రయత్నం చేస్తాను.

ఒక్క మాట. ఈ విషయం ఇప్పుడే పత్రికలవాళ్ల దాకా తీసుకుపోవద్దని అబ్రహాముకు చెప్పు. గొడవైతే ఎవరికీ మంచిది కాదు. ఓపిక పట్టండి.

ఆరోగ్యం జాగ్రత్త. క్రిస్మస్‌కు కేకు పంపుతున్నాను.

గిద్యోను


మొగిలిపాళెం,
జనవరి 12, 2025.

గిద్యోనుగారికి,

నీ ఉత్తరంలో ఈసారి ఒక్క తప్పు కూడా లేదు. సదరు, ప్రస్తుత, ప్రత్యామ్నాయ అన్నీ సరిగ్గా రాశావు. ఇది నా తమ్ముడు రాసింది కాదు, ఆఫీసు రాసింది, అందుకే నేనూ గారు పెట్టాను. కేకు అందింది. డెబోరా పిల్లలు తిన్నారు.

మగ్దలీనమ్మ పోయింది. క్రిస్మస్ అయిన మూడో రోజు. కొడుకులిద్దరి పక్కనే ఆమె చోటు, ఇరవై ఏళ్లుగా ఊరందరికీ తెలుసు. ఏ చెట్టు నాటాలో కూడా మాతో చెప్పి పెట్టుకుంది, ఆ రెండు బాదాలకూ నడిమధ్య ఇంకో బాదం. పెట్టె మోసుకుని పోతే కొత్త గేటుకు తాళం. వాచ్‌మన్ తీయలేదు. పాపం అతనిదేం తప్పు, చేతిలో మీ ఆఫీసు కాగితం. పద్మనాభయ్య వచ్చి చేతులు జోడించాడు. "నేనేం జేసేదమ్మా, రూలు అట్టుండాది. మీ తమ్ముడుగారు రాసిందే గదా" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడో!

పెట్టె రోడ్డు మీద దించి, వానలో, అక్కడే ప్రార్థన చేశాం. తర్వాత ట్రాక్టరు మీద గూడూరు తీసుకుపోయి, మనకు ఎవరూ తెలియని స్థలంలో, బతిమాలుకుని పెట్టి వచ్చాం. అబ్రహాము ట్రాక్టరు మీద పెట్టె పట్టుకుని కూర్చుని దారంతా ఏడ్చాడు. ఆదివారం సంఘ పెద్దరికం వదిలేస్తానన్నాడు. ఎవరూ వద్దనలేదు. అందుకు నాకు ఇంకా బాధేసింది.

ఆయాసం ముదిరి కొన్ని వారాలుగా అటు పోలేదు, ఆ గేటు పక్కన నిలబడ్డప్పుడే చూశాను. నల్లరాతి ఫలకం. పార్కు ప్రారంభించినవారు, విచ్చేసినవారు, వరసగా పేర్లు. నాలుగో పేరు నీది. మా సమాధుల స్థలంలో ఎన్నడూ పేరు చెక్కిన రాయి లేదు గిద్యోనూ. మొదటి రాయి నీదే పడింది.

తేదీ చూశాను. నవంబరు చివరి వారం. అంటే నా ఉత్తరం అందాక. నీకంతా తెలిసి వచ్చావు. శాలువా కప్పించుకున్నావట, అబ్రహాము చూశాడు, నాకు చెప్పలేక ఇన్నాళ్లు దాచాడు. మైకు కూడా పెట్టారట. నా ఇంటికి ఎంత దూరం, ఒక వీధి మలుపు. నేను వరండాలో కూర్చుని బియ్యం ఏరుకుంటున్నాను. నువ్వు అక్కడ మైకులో మాట్లాడుతుంటే నాకు వినపడలేదు.

గూడూరు డాక్టరు ఏమన్నాడో నీకు రాయలేదు. గుండె బాగా బలహీనపడిందట. ఎక్కువ రోజులు లెక్కపెట్టుకోవద్దని డెబోరాతో చెప్పాడు, ఆమె మొహం చూసి నాకు అర్థమైంది. చావంటే నాకు భయం లేదు. ఎక్కడ పెడతారన్నదే బెంగ. అందుకే సిగ్గు విడిచి అడుగుతున్నాను. మీ బావ పక్కన నా చోటు నాకు ఇప్పించు.

పుష్పకుమారి


నెల్లూరు,
మార్చి 9, 2025.

అక్కా,

తిట్టు. ఎంత తిట్టినా తక్కువే.

వచ్చాను. నిజమే. పైఆఫీసు పెద్దాయన వస్తున్నాడు, రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు. వేదిక మీద నుంచి నేరేడు చెట్టు కనిపిస్తూనే ఉంది. మాట్లాడమంటే ఏం మాట్లాడానో గుర్తు లేదు. జీపు మీ వీధి మలుపు దగ్గర ఆపించాను. దిగలేకపోయాను. నువ్వు వరండాలో ఉంటావని తెలుసు.

నీ ఉత్తరం చేరాక పైఆఫీసుకు రాశాను. ఇది పాత సమాధుల స్థలం, చోటు కేటాయించుకున్న కుటుంబాల వరకైనా మినహాయింపు ఇవ్వండని అడిగాను. జవాబు వచ్చింది. నేను రాసిన నిబంధననే నాకు తిరిగి రాసి పంపారు, కింద గీత గీసి. ఎవరూ, ఏ కారణం చెప్పీ. ఆ రాత్రంతా సందు కోసం నేనే వెతికాను. చెక్కినవాడిని నేనే కదా, ఎక్కడో ఒక పగులు వదిలి ఉంటానని. లేదక్కా. దొరకలేదు.

ఒక దారి ఉంది. స్థలం చూడకుండానే అనుమతి ఇచ్చాను, ఫైలే తప్పుడుదని నేను రాసివ్వాలి. అప్పుడు అనుమతి రద్దవుతుంది, పార్కు రిజిస్ట్రేషను కూడా పోతుంది. విచారణ నా మీద వస్తుంది. సస్పెన్షను, ఆ తర్వాత పెన్షను ఉంటుందో ఉండదో. నాకు ఇంకా ఏడాదిన్నర సర్వీసుంది. ఆ కాగితం రాశాను. సంతకం దగ్గర ఆగిపోయాను. విజయకుమారి "మన బతుకు సంగతేందండీ?" అని ఒక్క మాట అడిగింది. నా భార్యను తప్పు పట్టకు, అడక్కపోయినా నేను ఆగేవాడినే. కాగితం సొరుగులో ఉంది.

నెల్లూరు వచ్చేయక్కా. ఇక్కడ మా చర్చి స్థలంలో నీకు మంచి చోటు నేను మాట్లాడతాను. రాయి వేయిస్తాను, పాలరాయి. నా దగ్గర ఉండు. పెద్ద డాక్టరుకు చూపిస్తాను.

గిద్యోను


మొగిలిపాళెం,
ఏప్రిల్ 24, 2025.

గిద్యోనూ,

ఈస్టరు వెళ్లింది. ఏటా లాగే తెల్లవారుజామున కొవ్వొత్తులు తీసుకుని సమాధుల దగ్గరికి పోయాం. మామూలుగా ఊరంతా వచ్చేది. ఈసారి కొద్దిమందే. పార్కు తెరిచే వేళ అయ్యేదాకా గేటు బయట నిలబడి పాటలు పాడుకున్నాం. నాకు వినపడదు కాబట్టి అందరి నోళ్లు చూస్తూ పాడాను.

గేటు తీశాక వాచ్‌మన్ నన్ను ఆపి ఏదో అడిగాడు. డెబోరా నా చెవిలో అరిచి చెప్పింది. "ఈ లేఅవుట్లో ఉండేవోళ్లకే లోపలికంట అమ్మా, నువ్వు ఈడ ఉంటావా అంటుండాడు." నేను చెప్పాను, "ఇక్కడే ఉండాలనుకున్నాను నాయనా, మా తమ్ముడి రూలు ఒప్పుకోలేదు" అని. వాడికేం అర్థమైందో, ముసలిదని జాలిపడి వదిలాడు.

లోపల చాలా శుభ్రంగా ఉంది, మెచ్చుకోవాలి. నడవడానికి రంగురంగుల పలకలు పరిచారు. నీళ్లు దిగే రకం పలకలట, నీ నిబంధన ప్రకారమే. సోలారు దీపాలు. ఆనందకుమారి మీద సిమెంటు బెంచీ వేశారు. ఆవిడ బతికుండగా కూర్చోవడమే ఎరగదు, ఇప్పుడు ఊరంతా ఆమె మీద కూర్చుంటున్నారు. కొత్త ఇళ్లవాళ్లు చెవుల్లో పాటలు పెట్టుకుని చకచకా నడుస్తున్నారు. వాళ్లని నేనేమీ అనను. పార్కు అని చెప్పి అమ్మారు, పార్కులో నడుస్తున్నారు. ఒకమ్మాయి మా కొవ్వొత్తులు చూసి ఏదో పండగనుకుని ఫొటో తీసుకుంది.

మధ్యకు పోయాను. మీ బావ లేడు.

నేరేడు చెట్టు కొట్టేశారు గిద్యోనూ. పండ్ల కాలం వస్తే రాలి పలకల మీద నల్లటి మరకలు పడతాయని లేఅవుట్ వాళ్లు ముందే ఫిర్యాదు చేశారట. మొదలంటా తీసి, వేరు తవ్వి, పలకలు పరిచేశారు. నీ నిబంధనను మాత్రం ఎవరూ దాటలేదు. చెట్టు పోతే ఇంకో చెట్టు నాటి లెక్క సరిచేయాలన్నావు కదా, గోడ వారగా కోనోకార్పస్ నాటారు. పొడుగ్గా, పండూ పూవూ లేకుండా, మరక పడని చెట్టు. నువ్వు వచ్చి లెక్కపెట్టుకుంటే చెట్ల లెక్క సరిపోతుంది.

నేను ఆ పలకల మీద అటూ ఇటూ నడిచాను. ఇక్కడని ఒకసారి, కాదు ఇంకొంచెం అవతలని ఒకసారి. పొగడ నుంచి అడుగులు వేసుకుంటూ వస్తే తెలుస్తుందేమో అనుకున్నాను. ఆయాసం వచ్చి మధ్యలో కూలబడ్డాను. ఎక్కడ కూర్చున్నానో, ఆయన తలవైపో కాళ్లవైపో, నాకే తెలియలేదు. ఆయాసం ముదిరేదాకా తొమ్మిదేళ్లు వారం తప్పకుండా పోయినదాన్ని.

నెల్లూరు రాను. పాలరాయి వద్దు. నీ సొరుగులో కాగితాన్ని అక్కడే ఉండనీ, ఇంక దానికి సంతకం పెట్టి మాత్రం ఏం లాభం? అనుమతి రద్దు చేస్తే నేరేడు మొలవదు. నీ పెన్షను నీకు దక్కనీ. ఇది దెప్పిపొడుపు కాదు. కాదనుకుంటున్నాను. ఎంతైనా నిన్ను ఎత్తుకు పెంచిన చేతులు, పూర్తిగా శపించడం వాటికి చేతకాదు.

ఒక్కటే అడుగుతున్నాను. నేను పోయిన కబురు డెబోరా చేస్తుంది. ఈసారి మలుపు దగ్గర జీపు ఆపుకుని కూర్చోకు, దిగి లోపలికి రా. అబ్రహాము పెద్దరికం వదిలేశాడు, ఇక్కడ దారి చెప్పేవాళ్లు లేరు. పెట్టె భుజాన పెట్టుకుని, ఎక్కడికి తీసుకుపోవాలని మావాళ్లు నిన్నే అడుగుతారు.

చెప్పు. రూలు నీకే కదా బాగా తెలుసు.

మీ అక్క,
పుష్పకుమారి